ఏటి నీరు – ఏండ్ల లెక్క

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున, పుస్తకముల మాట విడిచి నదుల మాట ఎత్తుట చదువరులలో కొందరికి వింతగా తోపవచ్చును. కాని నదికిని ఒక పుస్తకము కలదు. అది ఏ కవియు వ్రాసినది కాదు. ఏటియొడ్డున నిలిపిన కొలబద్దను దినదినమును చూచి, నేటి అంకెను నిన్నటి అంకె క్రింద వ్రాయుచు, ఒకరు మొదలిడిన చిట్టాను మరియొకరు కొనసాగింపగా మూడు నాలుగు తరములకు సిద్ధమైన పుస్తకమది. అందలి పుటలు ఎన్ని యున్నవి, ఏ పుటనుండి లెక్క మొదలిడవలెను అను ప్రశ్నమీదనే నేడు లక్షలాది ఎకరముల సేద్యము ఆధారపడియున్నది. ఆ పుస్తకము చరిత్రను మన గ్రామస్థులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

హైదరాబాదు నగరమున పంజగుట్టకును ఖైరతాబాదునకును నడుమ ఎర్రమంజిల్ అను ప్రదేశము కలదు. అచటి గుట్టపై నవాబు ఫక్రుల్ ముల్కు కట్టించిన గొప్ప భవనము నిలిచియున్నది. పారసీకమున ‘ఇరమ్’ అనగా స్వర్గోద్యానము. తెలుగువారు ఎర్రగడ్డ యని పిలిచిన గుట్టకు నవాబు ఇరమ్ మంజిల్ అని పేరిడెననియు, రెండు భాషల ధ్వనియు కలిసివచ్చి ఎర్రమంజిల్ అయ్యెననియు చెప్పుదురు. తరువాతి కాలమున ఆ భవనము ప్రభుత్వాధీనమై, రహదారుల శాఖకును నీటిపారుదల శాఖకును కార్యాలయముగా ఉపయోగపడినది. 2019లో దానిని పడగొట్టి క్రొత్త శాసనసభా భవనము కట్టవలెనని ప్రభుత్వము తలపెట్టగా, ఆ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఆ గుట్ట పరిసరములందే నీటిపారుదల శాఖవారి ‘జలసౌధము’ కలదు. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఏర్పడిన కృష్ణా, గోదావరీ నదుల యాజమాన్య మండలులును చాలకాలము ఆ సౌధమునుండియే పనిచేసినవి. అచట ప్రవహించు నది యేదియు లేదు. అయినను కృష్ణ ఎంత పారినది, గోదావరి ఎంత పొంగినది, ఏ జలాశయమున ఎంత మిగిలినది అను లెక్కలు నలుదిక్కులనుండి అచటికి చేరుచుండెను.

నీటిని కొలుచు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారము ముంగిట వానకొలుచు పాత్ర నుంచవలెనని చెప్పబడినది. ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన కురియునో చెప్పుచు ఆయన అశ్మక దేశమును పేర్కొనెను. గోదావరీ తీరమందలి బోధన పరిసరములే ఆ అశ్మకమని చరిత్రకారుల అభిప్రాయము. అనగా తెలుగునేలపై వానకు ‘ఇంత’ యని ఒక సాధారణ పరిమాణము కట్టుట రెండువేల యేండ్లనాటి మాట. ఉగాదినాడు పంచాంగశ్రవణమున ‘ఈ యేడు ఇన్ని కుంచముల వాన’ యని నేటికిని వినుచున్నాము. చెరువు తూమును ఎప్పుడెత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో ఎరిగిన నీరటికాడు ప్రతి యూరను ఉండెడివాడు. మత్తడి ఎన్ని దినములు పారినదో ఊరివారందరు నోటిలెక్కగా చెప్పగలిగెడివారు.

అయితే ఆ లెక్కలు నోటిలోనే యుండెను. పెద్దలు కరువులను అంకెలతో కాక సంవత్సర నామములతో జ్ఞాపకముంచుకొనిరి. 1832–33 నాటిది నందన కరువు. గుంటూరు సీమలో ఆనాడు జనులలో మూడవవంతునకు తగ్గకుండ నశించిరని వ్రాతలు తెలుపుచున్నవి. 1876–77 నాటిది ధాత కరువు. పేరు చెప్పినంతనే ముసలివారి కన్నులు చెమర్చెడివి. కాని ఆ నందన సంవత్సరమున కృష్ణలో నీరెంత తగ్గెను? ధాత సంవత్సరమున అంతకంటె తగ్గెనా, హెచ్చెనా? ఈ ప్రశ్నలకు సమాధానము లేదు. దుఃఖమును జనుల స్మృతి నిలిపినది, పరిమాణమును నిలుపలేదు. పరిమాణము తెలియనిచో రాబోవు కరువునకు ఎంత నీరు దాచుకొనవలెనో తెలియదు.

నందన కరువును, దానివెంట వచ్చిన క్షామములును కంపెనీ ప్రభుత్వమును కదలించినవి. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమువద్ద గోదావరిపై ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. 1852–55 సంవత్సరముల నడుమ విజయవాడవద్ద కృష్ణపై ఆనకట్ట లేచెను. ఆనకట్టలు నీటిని కాలువలకు మరల్చుటయే కాక మరియొక మేలు చేసినవి. నదికి అడ్డముగ సమానమైన ఎత్తున గోడ నిలిచినపుడు, దానిపై ఎన్ని యడుగుల యెత్తున నీరు పొర్లుచున్నదో చూచి ప్రవాహమును గణింపవచ్చును. కావున ఆనకట్టయే కొలపాత్ర యైనది. విజయవాడవద్ద కృష్ణా ప్రవాహమునకు 1894–95 నుండి ఏటేటి లెక్క వరుసగా లభించుచున్నది. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసినది. తెలుగువారు పుస్తకములను కూర్చి గ్రంథాలయములు నెలకొల్పుకొనుచున్న కాలముననే, కృష్ణానది పుస్తకమును పుటలు పుటలుగ పెరుగుచుండెనన్నమాట.

హైదరాబాదు సంస్థానమున ఈ అవసరమును నేర్పినది వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచి వేలాది ప్రాణములను హరించెను. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యను రప్పించెను. ఆయన ముందుగా చేసిన పని యేమనగా, ఎచట ఎన్ని అంగుళముల వాన కురిసెను, పైయెగువ చెరువులెన్ని తెగెను, నది ఎంత నీటిని మోసెను అని లెక్క తీయుట. ఆ లెక్కపైననే మూసీపై 1920లో ఉస్మానుసాగరమును, ఈసీపై 1927లో హిమాయతుసాగరమును వెలసినవి. వరదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే తరువాత నగరమునకు త్రాగునీరిచ్చినవి. సంస్థానమున ఇంజనీరైన నవాబు అలీ నవాజ్ జంగు 1923–31 నడుమ మంజీరపై నిజాముసాగరమును కట్టించెను. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

నదిని కొలుచు విధము మన పాఠకులలో పలువురకు తెలియకపోవచ్చును. ఏటియొడ్డున అడుగులు, అంగుళములు గుర్తించిన కొలబద్దను నాటుదురు. దినమునకు కొన్ని నియత వేళలందు, వరదదినములందు గంటగంటకును దానిని చూచి మట్టమును వ్రాయుదురు. మట్టము మాత్రమే తెలిసిన చాలదు. అందుచే ఏటి అడ్డుకోతను నిలువు పట్టెలుగా విభజించి, పడవపైనుండిగాని వంతెనపైనుండిగాని ఒక్కొక్క పట్టెలో లోతును, నీటివేగమును కొలుతురు. వేగము కొలుచు సాధనమునకు చిన్న గిన్నెలు అమరియుండును. అవి నిమిషమునకు ఎన్ని చుట్లు తిరిగెనో దానినిబట్టి వేగము తేలును. ప్రతి పట్టె వైశాల్యమును దాని వేగముతో గుణించి, అన్నిటిని కూడినచో సెకనునకు ఎన్ని ఘనపుటడుగుల నీరు సాగుచున్నదో తెలియును. ఒక ఘనపుటడుగు ఒక క్యూసెక్కు. నూరు కోట్ల ఘనపుటడుగులు ఒక టి.ఎం.సి. 11,574 క్యూసెక్కుల నీరు ఒక దినము పూర్తిగ పారినచో ఒక టి.ఎం.సి. అగును. ఇసుక మేటవేసినను, ఒడ్డు కోసుకొనిపోయినను పాత పట్టిక పనికిరాదు. మరల కొలువవలసినదే. పని చిన్నదిగా కనబడును గాని దినము తప్పని ఓర్పును కోరునది.

ఆ ఓర్పు లోపించినచో ఏమగునో 1961–62లో తెలిసినది. కృష్ణా, గోదావరీ జలములపై మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశములు వాదులాడుకొనుచుండగా, కేంద్ర ప్రభుత్వము ఎన్. డి. గుల్హాటీ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము అప్పటికి కట్టుబడిలో నుండెను. నదులలో నికరముగ ఎంత నీరున్నదో చెప్పుడని అడుగగా, ఆ సంఘము చేతనున్న లెక్కలు చాలవని తేల్చి, ముఖ్యస్థలములందు ప్రవాహములను క్రమముగ కొలువవలెనని సూచించెను. డెల్టా ముఖమున విజయవాడవద్ద మాత్రము దీర్ఘకాలపు లెక్కలుండెను. ఎగువ ఉపనదుల సంగతి అట్లు కాదు. ఇంటి పెద్ద చనిపోయిన పిదప పద్దులు లేని ఆస్తిని పంచుకొనబోవు అన్నదమ్ముల స్థితియే మూడు రాష్ట్రములకును కలిగినది. నాటినుండియే ఎగువ నదులపై కొలత కేంద్రములు విస్తరించినవి.

1969లో న్యాయమూర్తి బచావత్ అధ్యక్షతన కృష్ణా జలవివాద న్యాయస్థానము ఏర్పడి 1973లో తీర్పు చెప్పెను. అందు కృష్ణలోని విశ్వసనీయ జలము 2060 టి.ఎం.సి. అని నిశ్చయింపబడినది. దానికి ఆధారము 1894–95 మొదలు 1971–72 వరకు గల 78 సంవత్సరముల శ్రేణి. విజయవాడవద్ద కనబడిన నీటిని మాత్రమే లెక్కించిన చాలదు. ఎగువ రాష్ట్రములు వాడుకొన్నదానిని కూడ కలిపి, నది సహజముగ ఎంత తెచ్చియుండునో గణింపవలెను. అప్పుడే 1900 నాటి యేటిని 1970 నాటి యేటితో పోల్చుటకు వీలగును.

ఇచట ఒక సూక్ష్మము కలదు. 2060 అనునది ఆ శ్రేణికి సగటు కాదు. దానిని తెలియుటకు మన చెరువునే తీసికొందము. నూరెకరముల ఆయకట్టు గల చెరువున ఒక యేడు రెండువందల ఎకరములకు, రెండవయేడు నూటయేబది ఎకరములకు, మూడవయేడు ఏబది ఎకరములకు చాలు నీరు చేరి, నాలుగవయేడు చుక్కయు చేరలేదనుకొందము. నాలుగేండ్ల సగటు సరిగ నూరెకరములు. కాగితముమీద లోటేమియు లేదు. కాని మూడవయేట సగము పొలము ఎండినది, నాలుగవయేట పశువులు సంతకు పోయినవి. మొదటియేట మత్తడి దుమికిన నీరు నాలుగవయేటికి తిరిగి రాదు. సేద్యగాడు సగటుమీద బ్రతుకలేడు. కావున పెద్దలు సంవత్సరములన్నిటిని ఎక్కువనుండి తక్కువకు వరుసపెట్టి, నూటికి డెబ్బదియైదు సంవత్సరములందు తప్పక లభించు నీరెంతయో చూచిరి. 78 సంవత్సరములలో సుమారు 59 సంవత్సరములు ఆ మాత్రమైనను వచ్చినవి. తక్కిన సంవత్సరములందు రాలేదు. బచావత్ న్యాయస్థానము మహారాష్ట్రకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు పంచి, పునరుత్పత్తి జలములకు కొంత చేర్చెను. అంతకు మించి వచ్చు నీటిని, శాశ్వతమైన హక్కు లేకుండ, చివరనున్న ఆంధ్రప్రదేశము వాడుకొనవచ్చుననెను.

రెండవ న్యాయస్థానము న్యాయమూర్తి బ్రిజేష్‌కుమార్ అధ్యక్షతన 2010 డిసెంబరు 30న నిర్ణయము వెలువరించెను. అది 1961–62 మొదలు 2007–08 వరకు గల 47 సంవత్సరములనే గ్రహించినది. ఈ శ్రేణి ప్రకారము 75 శాతపు విశ్వసనీయత గల నీరు 2173 టి.ఎం.సి.లు, 65 శాతమైనచో 2293, సగటు 2578. అదే నది, అదే కొలత. పుస్తకమున చదువు మొదలిడిన పుట మారుటచే 2060 కాస్త 2173 అయినది. ఆ తేడా 113 టి.ఎం.సి.లు. ఇక సగటునకును 75 శాతపు లెక్కకును తేడా 405 టి.ఎం.సి.లు. నాగార్జునసాగరము నిండుగ పట్టు నీరు నేడు 312 టి.ఎం.సి.లని తలచినచో, ఒక్క మాట మార్చుటలో ఒక సాగరమునకు మించిన నీరు కాగితముపై పుట్టుననుట స్పష్టము. సగటు వరకు గల నీటిని పంచుటను, దీర్ఘశ్రేణిని విడిచి పొట్టిశ్రేణిని గ్రహించుటను ఆంధ్రప్రదేశము ఆక్షేపించెను. ఆ నిర్ణయము ప్రచురితము కాకుండ 2011లో సుప్రీంకోర్టు నిలిపెను. ఎవరి వాదము న్యాయమో తేల్చుట ఈ వ్యాసమునకు మించిన పని. కాని చివరి కాలువ చివరనున్న రైతు నాట్లు పడునా, పడవా అనునది ‘ఏ యేటినుండి ఏ యేటివరకు’ అను చిన్న ప్రశ్నలో దాగియున్నదని మనము గ్రహింపవలెను.

న్యాయస్థానములకే కాదు, ప్రతి ఋతువునందును ఈ పోలిక అవసరము. కేంద్ర జలసంఘము గురువారము గురువారము దేశమందలి పెద్ద జలాశయములలోని నిల్వను ప్రకటించును. ఉన్న నిల్వను గతసంవత్సరపు నిల్వతోను, గత పదియేండ్ల సగటుతోను సరిపోల్చుదురు. నదీప్రాంతములందును ఆ సగటునకు నూటికి ఇరువదివరకు తగ్గినచో సాధారణమునకు చేరువయనియు, అరువదివరకు తగ్గినచో లోటనియు, అంతకు మించినచో తీవ్రమైన లోటనియు వ్యవహరింతురు. వాన విషయమునను ఇట్టి తూకమే కలదు. సగటునకు ఇరువది శాతమునకు లోపలి హెచ్చుతగ్గులు సాధారణములు, అంతకు తగ్గినచో లోటు. 2016లో సవరించిన కేంద్ర ప్రభుత్వపు కరువు నియమావళిలో వానలోటుతోపాటు వర్షము లేని వారములు, విత్తిన పొలముల విస్తీర్ణము, నేలలోని తేమ, భూగర్భజలము, నదీప్రవాహము కూడ కొలమానములుగా చేరినవి. ఒక్క అంకెను చూచి కరువనరాదు, కాదనరాదు అనుటయే దాని సారము.

ఆ సగటును సయితము స్థిరమని తలపరాదు. నైఋతి ఋతుపవనమువలన దేశమంతటికి కురియు వాన 1961–2010 నడుమ సగటున 880.6 మిల్లీమీటర్లు. 1971–2020 నడుమ 868.6 మిల్లీమీటర్లు. ఈ రెండవదానినే 2022నుండి ప్రమాణముగా గ్రహించిరి. పదియేండ్ల సగటులో ఇంకొక అపాయము కలదు. వరుసగ కొన్ని కరువులు వచ్చినచో సగటు తానే దిగజారి, తరువాతి లోటు లోటుగ కనబడదు. పొట్టి కొలబద్దతో లోతైన బావిని కొలిచినట్లగును. జలాశయము తానే కొలతను మోసగించుటయు కలదు. నాగార్జునసాగరము మొదట 408 టి.ఎం.సి.లు పట్టెడిది. శ్రీశైలము 308 పట్టెడిది, నేడు సుమారు 216 మాత్రమే. తక్కినది ఒండ్రు ఆక్రమించినది. నీటిమట్టము పాతదే, నీరు పాతది కాదు. కావున అడుగును కూడ అప్పుడప్పుడు కొలువవలసియున్నది.

ఇక మన గ్రంథాలయము చూచిన ఈ ఇరువదియైదేండ్లను నది కన్నులతో చూతము. 2002లో, చిత్రభాను సంవత్సరమున, జూలై మాసమందు దేశమున సాధారణ వర్షములో సగమైనను కురియలేదు. 2009 విరోధి సంవత్సరము పేరునకు తగినట్లే నడచెను. ఋతుపవనము నూటికి ఇరువదిరెండు పాళ్లు తగ్గి దేశమంతటను కరువు ప్రకటింపబడిన ఆ యేటనే, అక్టోబరు మొదట కృష్ణ కనివిని యెరుగని రీతిని పొంగి కర్నూలును ముంచెను. అక్టోబరు 5న ప్రకాశం బారేజీవద్ద 11.10 లక్షల క్యూసెక్కులు పారినవి. ఆ వేగమున దినమంతయు పారినచో 96 టి.ఎం.సి.లగును. మూడు దినములు దాటునప్పటికి సాగరము నిండునంతటి నీరు! ఆ సంవత్సరపు మొత్తము మాత్రమే చూచినవారికి అందలి కరువు కనబడదు, వరద కనబడదు. 2015–16 మన్మథ సంవత్సరమున శ్రీశైలము నిండలేదు. 2022 జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు లేచెను. 1986 ఆగస్టునాటి 75.6 అడుగుల తరువాత అంతటి మట్టము అదియే. 2023 ఆగస్టు మాసము, 1901నుండి గల లెక్కలలో, దేశమున అత్యంత శుష్కమైన ఆగస్టు. ఏడాది తిరిగినదో లేదో, 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బారేజీవద్ద 11.43 లక్షల క్యూసెక్కులు పారి 2009నాటి మట్టమును మించినవి.

ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు గొప్ప వయస్సు. నదికి అది చిన్న పుట. ఈ పాతికేండ్ల లెక్కనుమాత్రమే పట్టుకొని నదిని తెలిసికొంటిమనుట, కథ నడుమ నాలుగు పుటలు చదివి గ్రంథము నంతయు చదివితిమనుట వంటిది. అట్లని ఆ నాలుగు పుటలు చింపివేసినచో కథ ఎన్నటికిని పూర్తికాదు. 1894లో విజయవాడ ఆనకట్టపై వానలో తడియుచు నీటిమట్టము వ్రాసికొన్నవానికి, ఎనుబదియేండ్ల పిమ్మట తన అంకెలమీద మూడు రాష్ట్రముల భాగములు తేలునని తెలిసియుండదు. వాని పేరు మనకు తెలియదు. వాని వ్రాత మాత్రము నిలిచినది.

నేడు దూరప్రాంతములనుండి యంత్రములే ప్రవాహమును కొలిచి క్షణములో నగరమునకు పంపగల కాలము. ఆకాశమునుండి ఉపగ్రహములు చెరువులను చూచుచున్నవి. అయినను మన యూరి బావిలో ఉగాదినాడు నీరెంత లోతున నున్నదో, మృగశిరలో తొలివాన ఎంత కురిసినదో, చెరువు మత్తడి ఏ తేదీన దుమికి ఏ తేదీన ఆగినదో పట్టణపు సౌధములకు తెలియదు. దానిని తెలుపగలవారము మనమే. కావున రజతోత్సవ స్మారకముగ మన గ్రంథాలయమున ఒక గట్టి అట్టగల పుస్తకము నుంచి, ముంగిట ఒక వానకొలుచు పాత్ర నిలిపి, ఉదయము పత్రికలు తెరచువారే ముందుగ ఆ అంకెను వ్రాయునట్లు ఏర్పాటు చేసిన బాగుండునని నా మనవి. వాన లేనినాడు సున్న వ్రాయవలెను. కరువు చరిత్రలో ఆ సున్నలకే విలువ ఎక్కువ. ఈ యూరి పిల్లలు స్వర్ణోత్సవము జరుపునాటికి ఇరువదియైదేండ్ల లెక్క వారి చేతనుండును. ‘మా తాతలనాడు వానలు బాగుగ కురిసెడివి’ అని చెప్పుకొను మాట నిజమో కాదో వారు పుస్తకము తెరచి చూచుకొందురు.